ఏదుపంది వాకిట్లో ఎముకలు

అనగనగా, మనుషులు తవ్వి తవ్వి విసిగి వదిలేసి పోయిన ఒక కొండ. ఆ కొండకు ఒక పక్క పెద్ద గొయ్యి, మిగతా పక్కలన్నీ దట్టమైన అడవి.

ఆ గోతిలో ఒకప్పుడు సీసం తవ్వేవారు. సీసం అంటే తెలుసుగా పిల్లలూ? అదొక లోహం. బూడిద రంగులో ఉంటుంది. చేతిలో పట్టేంత ముక్క అయినా చెయ్యి కిందికి లాగేసేంత బరువుంటుంది. అది తిండిలో కలిసినా మనకు తెలియదు. కానీ కడుపులోకి వెళ్ళిందంటే మాత్రం, అందులోనూ చిన్నపిల్లల కడుపులోకి వెళ్ళిందంటే, మెల్లమెల్లగా ఒంట్లో బలమంతా లాగేస్తుంది. మనుషులు వెళ్ళిపోయారు సరే, సీసం ఎక్కడికి పోతుంది? వాన కురిసినప్పుడల్లా గోతిలోంచి బూడిద రంగు బురద జారి కొండవాలు మట్టిలో కలిసిపోయేది.

ఆ కొండవాలులోనే ఒక ఏదుపందుల జంట కాపురం ఉండేది. భార్య పేరు ఈటెలమ్మ. భర్త పేరు గునపయ్య. వాళ్ళకు లేక లేక పుట్టిన కొడుకు బుడమ. మట్టిలో సీసం ఉందని ఈటెలమ్మకు తెలియదు. వాగు అవతల వేరే బొరియలో ఉండే అత్త దుబ్బమ్మకూ తెలియదు. అంతకుముందు అక్కడ బతికిన వాళ్ళెవరికీ తెలియదు. అయినా అందరూ హాయిగానే బతికారు. ఎలా బతికారన్నదే ఈ కథ.

ఏదుపందులకు ఒక అలవాటు ఉంది. దారిలో ఎముక కనిపిస్తే వదలవు. నోట కరుచుకుని ఇంటికి తెచ్చేసుకుంటాయి. మాంసం కోసం కాదు సుమా! వాటి పళ్ళు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి. గట్టిదేదో కొరికి అరగదీసుకోకపోతే నోరు మూతపడదు. అందుకని సాయంత్రం కాగానే వాకిట్లో కూర్చుని కరకరా, కరకరా ఎముకలు కొరుకుతాయి. రాలిన పొడి, మిగిలిన తునకలు అక్కడే ఉన్న పెండలం పాదుల్లో పడిపోతాయి. పెండలం దుంప అంటే ఏదుపందులకు ప్రాణం. వాటి బొరియ ఎక్కడుంటే పెండలం తీగలు అక్కడుంటాయి.

ఈటెలమ్మ వాకిలి నిండా అలాంటి ఎముకలే. జింక దవడలు, దున్నపోతు పక్కటెముకలు, ఏ జంతువుదో కూడా తెలియనంత పాత వెన్నుపూసలు. అన్నీ మట్టిలో సగం కూరుకుపోయి ఉండేవి.

బుడమ పుట్టినప్పుడు వాడి ముళ్ళు గడ్డిపోచల్లా మెత్తగా ఉండేవి. కొన్నాళ్ళకు గట్టిపడ్డాయి. పిల్లవాడి ముళ్ళు గట్టిపడితే ఏదుపందులు ముళ్ళ పండుగ చేస్తాయి. అడవంతా పిలుస్తాయి. ఈటెలమ్మది హుషారైన స్వభావం. ఏ పనైనా ఒకరు చెప్పేదాకా ఆగదు. తనే వెళ్ళి నెమలి మెరుపయ్యను పండుగలో ఆడమని పిలిచి వచ్చింది.

మెరుపయ్య ముందుగా జాగా చూసుకోవడానికి వచ్చాడు. వాకిలి చూసి ఆగిపోయాడు.

“ఏంటమ్మా ఈటెలమ్మా! ఇది ఇల్లా, రాబందుల విందుకు వేసిన పందిరా?” అన్నాడు.

“ఏదుపందుల వాకిలి ఇలాగే ఉంటుంది మెరుపయ్యా.”

“ఉంటుందిలే, నాకేం? కానీ రేపు అడవంతా వస్తుంది. నేను ఎక్కడ ఆడాలి? ఈ దవడ మీదా? ఆ పక్కటెముక మీదా? నా తోక చూశావా? ఇది విప్పితే మీ వాకిలి చాలదు.”

“తోక కొంచెం తక్కువ విప్పరాదూ?”

“తక్కువ విప్పడానికి ఇది గొడుగా?” అని మెరుపయ్య మెడ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఈటెలమ్మకు తల కొట్టేసినట్టయింది. వాకిలిని మళ్ళీ చూసింది. నిన్నటిదాకా కనిపించని మురికి ఇవాళ కనిపించింది. ఆ ఎముకలన్నీ తీసి పారేయాలని అప్పటికప్పుడే అనుకుంది.

“అవన్నీ తీసేస్తే పళ్ళు దేనికి రుద్దుకుంటావే?” అని అడిగాడు గునపయ్య.

“నీ వీపుకు.”

గునపయ్య వీపు తడుముకుంటూ పక్కకు జరిగాడు.

ఆ మధ్యాహ్నం దుబ్బమ్మ పండుగ పనికి సాయం వచ్చింది. కోడలు ఒక దవడ ఎముకను లోయ వైపు దొర్లించడం చూసి గుండె బాదుకుంది.

“కోడలా, వాకిట్లో ఎముకలు కదిలించకు.”

“ఎందుకత్తా?”

“ఎందుకో నాకూ తెలియదు. మా అత్త నాకు వద్దంది. నేను నీకు వద్దంటున్నాను.”

“తెలియకుండా వద్దంటే ఎలా అత్తా? పోనీ మీ అత్తను అడుగుదామంటే ఆవిడ లేదాయె.”

“లేకపోవడమే మంచిదైంది. ఉంటే నిన్ను చూసి ఇంకోసారి పోయేది” అని దుబ్బమ్మ మూతి ముడుచుకుంది.

ఈటెలమ్మ ఆగలేదు. ఎముకలన్నీ లోయలోకి తోసేసింది. అంతటితో ఊరుకోకుండా, ఎముకల పొడితో కలిసి నల్లగా, పొడిపొడిగా ఉన్న పైమట్టిని కూడా గోకి అవతల పారేసింది. అడవిలో అప్పుడు ఇప్పపూలు రాలుతున్నాయి. వాటిని ఏరి తెచ్చి వాకిలంతా మందంగా పరిచింది. తియ్యటి వాసన గుప్పుమంది.

పండుగ ఘనంగా జరిగింది. మెరుపయ్య తోక పూర్తిగా విప్పి ఆడాడు. “వాకిలంటే ఇలా ఉండాలి!” అని కుందేళ్ళు మెచ్చుకున్నాయి. ఎలుగుబంటి వాకిట్లో పూలు సగం తినేసి మరీ మెచ్చుకుంది. ఈటెలమ్మ పొంగిపోయింది. వాకిలి ఎప్పుడూ ఇలాగే ఉండాలనుకుంది. ఇప్పపూలు అయిపోతే నేరేడుపళ్ళు తెచ్చి పోసింది. నేరేడుపళ్ళు అయిపోతే మేడిపళ్ళు పోసింది. వానలు పడ్డాయి. పూలూ పళ్ళూ కుళ్ళి, పులిసి మట్టిలోకి ఇంకిపోయాయి. పెండలం తీగలు పాకాయి. చలికాలానికి దుంపలు ఊరాయి.

“ఎంత లావున్నాయో చూడవే!” అన్నాడు గునపయ్య దుంప తవ్వి తీసి. అందరూ కడుపునిండా తిన్నారు. అందరికంటే బుడమ ఎక్కువ తిన్నాడు.

కొన్నాళ్ళకు బుడమ ఆడుకోవడం మానేశాడు. ఆ తరవాత కడుపునొప్పి అని ముడుచుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. ఆ తరవాత వాడి ముందుకాళ్ళు తేలిపోయాయి. నిలబడదామంటే మణికట్టు దగ్గర వాలిపోయేవి. ఈటెలమ్మకూ గునపయ్యకూ కూడా అప్పుడప్పుడు కడుపునొప్పి వచ్చేది, కానీ పెద్దవాళ్ళు కనుక తట్టుకున్నారు.

“అమ్మా, నా కాళ్ళు నా మాట వినట్లేదే” అన్నాడు వాడు ఒకరోజు. ఏడవలేదు. ఊరికే చెప్పాడు. అందుకే ఈటెలమ్మకు ఇంకా ఎక్కువ భయం వేసింది.

వేపబెరడు నమిలించింది. తగ్గలేదు. చలికేమో అనుకుని ఎండుగడ్డితో కొత్త పక్క వేసింది. తగ్గలేదు. మెరుపయ్యను అడిగింది.

“దిష్టి తగిలి ఉంటుంది. వాకిట్లో ఇంకాసిని పళ్ళు పోయమ్మా” అన్నాడు మెరుపయ్య.

పోసింది. జబ్బు ఇంకా ఎక్కువైంది.

దుబ్బమ్మ వచ్చి మనవణ్ణి చూసింది. “కొన్నాళ్ళు నా దగ్గర ఉంచు” అని వీపు మీద ఎక్కించుకుని వాగు దాటించింది.

ఈటెలమ్మ రోజూ వెళ్ళి చూసి వచ్చేది. బుడమ మెల్లగా కళ్ళు విప్పి చూశాడు. ఆకలి అన్నాడు. నాయనమ్మతో పోట్లాడాడు. పోట్లాడాడంటే బాగైనట్టే కదా! ఆనందం పట్టలేక ఇంటికి తీసుకొచ్చింది. ఇంటికొచ్చిన కొద్ది రోజులకే మళ్ళీ కడుపునొప్పి. మళ్ళీ కాళ్ళు వాలిపోయాయి. మళ్ళీ వాగు దాటించారు.

ఈటెలమ్మ ఈసారి ఏడుస్తూ కూర్చోలేదు. అత్త వాకిట్లో నిలబడి ఆలోచించింది.

“ఏమయ్యా, చూడు. అత్త వాళ్ళూ పెండలమే తింటారు, మనమూ పెండలమే తింటాం. విత్తనం దుంప కూడా అత్త దగ్గర తెచ్చిందే.”

“అవును.”

“ఇదే కొండ. ఇదే వాన. ఆ గోతిలోంచి జారే బురద ఇటూ వస్తుంది, అటూ వస్తుంది.”

“అవును.”

“మరి తేడా ఏముంది?”

గునపయ్య చుట్టూ చూశాడు. దుబ్బమ్మ వాకిట్లో ఎటు చూసినా ఎముకలు. ఒక దున్న పుర్రె మీద కూర్చుని దుబ్బమ్మ మనవడికి దుంప తినిపిస్తోంది.

గునపయ్య నోరు తెరవబోయాడు.

“చెప్పకు, నాకూ కనిపించింది” అంది ఈటెలమ్మ.

అయినా ఎముకకూ పిల్లవాడి కాళ్ళకూ ఏం సంబంధం? ఈటెలమ్మ అత్త పెండలం పాదు దగ్గర పడుకుని నేలకు చెవి ఆనించింది. ఏదుపందుల చెవి చాలా పదునైనది. మట్టి లోపల నుంచి సన్నగా, దోమ పాటంత చప్పుడు వినిపించింది. ఒక గొంతు కాదు. లెక్కలేనన్ని గొంతులు ఒకేసారి పలికితే వచ్చే చప్పుడు అది.

“ఎవరు మీరు?” అని అడిగింది.

“మేమా? మట్టోళ్ళం. మనుషులు మమ్మల్ని బ్యాక్టీరియా అంటారు. కంటికి కనపడం. నీ గోటికి అంటిన మట్టిలోనే మా ఊళ్ళకు ఊళ్ళుంటాయి.”

“ఏం చేస్తుంటారు మీరు?”

“తింటుంటాం.”

“తిన్నాక?”

“మళ్ళీ తింటాం. ఏం, నువ్వు తిన్నాక మళ్ళీ తినవా?”

ఇంకో సమయంలో అయితే ఈటెలమ్మ నవ్వేదే. “నా కొడుకు చచ్చిపోయేలా ఉన్నాడు. మా ఇంట్లో పెండలం తింటే పడిపోతున్నాడు, ఇక్కడ తింటే లేస్తున్నాడు. ఎందుకో మీకు తెలుసా?” అని అడిగింది.

నేల లోపల కాసేపు గుసగుసలు నడిచాయి.

“నీ కొడుకు సంగతి మాకు తెలియదమ్మా. మట్టి సంగతి అడుగు, చెబుతాం. ఈ మట్టిలో సీసం ఉంది. గోతిలోంచి వస్తుంది. అదంటే మాకూ పడదు.”

“సీసమా! మరి ఇక్కడి దుంపల్లోకి ఎందుకు రావట్లేదు?”

“మీ అత్త ఎముకలు కొరికి పొడి రాలుస్తుందా? అది మాకు పెళ్ళి భోజనం. మేం కొంచెం పులుపు ఊరించి ఆ ఎముకను కరిగిస్తాం. కావలసింది తింటాం. మిగిలింది మట్టిలో కలుస్తుంది. దానికి సీసం తగిలిందా, గట్టిగా వాటేసుకుంటుంది. రెండూ కలిసి ఇసుకరేణువంత రాయిగా మారిపోతాయి. రాయిని ఏ వేరైనా తాగగలదా?”

“తాగలేదు.”

“ఇంకా మా ఒంటికి జిగురుంటుంది. తప్పించుకున్న సీసం కొంత ఆ జిగురుకు అంటుకుంటుంది. అంతే. మట్టిలో సీసం అలాగే ఉంటుంది. కానీ వేరుకు అందదు.”

ఈటెలమ్మ నేలకు ఇంకా దగ్గరగా జరిగింది. “మరి... ఎముకలు తీసేసి, పూలూ పళ్ళూ పోస్తే?”

“అయ్యో, అది నువ్వేనా? ఆ మట్టిలోని మా చుట్టాలు ఆకలికి అల్లాడిపోయారు. పళ్ళ తీపి తినేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళకు తీపి పెడితే పులుపు చేస్తారు. వాళ్ళూ చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళ వంట అది. మేం చిటికెడు పులుపుతో సరిపెడితే, వాళ్ళు మట్టంతా పుల్లగా చేసేస్తారు. అంత పులుపు తగిలితే మట్టిని పట్టుకుని ఉన్న సీసం ఊడిపోయి నీళ్ళలో కలుస్తుంది. నీళ్ళతో పాటు వేరు దాన్నీ తాగేస్తుంది.”

ఈటెలమ్మ తల ఎత్తి వాగు అవతల తన వాకిలి వైపు చూసింది. అడవంతా మెచ్చుకోవాలని తన చేత్తో తనే పోసింది. తన చేత్తో తనే ఆ దుంపలు కొడుకు నోట్లో పెట్టింది. మళ్ళీ నేల మీద తల పెట్టి అడిగింది.

“అయితే ఇన్నాళ్ళూ మా పిల్లల్ని కాపాడింది మీరా?”

“కాపాడామా!” మట్టోళ్ళు కంగారుపడ్డారు. “అంత పెద్ద మాట అనకమ్మా. మేం తిన్నాం, అంతే.”

దుబ్బమ్మ ఇదంతా వింటూనే ఉంది. కొరుకుతున్న ఎముకను కిందపెట్టి, కూర్చున్న పుర్రె మీద నుంచి మెల్లగా లేచింది.

“చూశావా, మా అత్త వద్దందంటే...” అని మొదలుపెట్టింది. కోడలి మొహం చూసి ఆపేసింది. “నేను కూడా ఎందుకని అడిగి ఉండాల్సింది. అడిగి ఉంటే నీకు చెప్పేదాన్ని కదా” అంది.

ఆ మర్నాటి నుంచి ఈటెలమ్మ, గునపయ్య వాకిట్లోని పులిసిన చెత్తనంతా తోడి, పాత గోతిలోనే పడేశారు. తవ్విన దుంపలూ, తవ్వని దుంపలూ అన్నీ అందులోనే పారేశారు. చలికాలంలో ఉన్న తిండి పారేయడమంటే మాటలు కాదు. గునపయ్య ప్రతి దుంపనూ ఒకసారి వాసన చూసి మరీ పారేశాడు.

“ఎందుకయ్యా వాసన?”

“ఇంక ఎప్పుడు చూస్తానో అని.”

వాళ్ళు చెట్ల బెరడు తిని, రాలిన కాయలు తిని రోజులు వెళ్ళదీశారు. పిడుగు పడి కాలిన చెట్టు దగ్గర బూడిద ఉంటే తెచ్చి గోతిలోని చెత్త మీద చల్లారు, వాకిట్లో మట్టిలోనూ కలిపారు. బూడిదకు పులుపు విరుగుతుంది. ఆ తరవాత ఎముకలు. లోయలోకి తోసేటప్పుడు అవి వాటంతట అవే దొర్లిపోయాయి. పైకి తేవడమంటే ఒక్కొక్కటీ నోట కరుచుకుని, గోళ్ళు మట్టిలో దించుకుంటూ ఎక్కాలి. సగం దారిలో జారితే మళ్ళీ మొదటికి. ఈటెలమ్మ దవడలు వాచిపోయాయి. ఒకసారి మెరుపయ్య చెట్టు మీద నుంచి చూసి, “మళ్ళీ ఆ కంపేనా తల్లీ?” అన్నాడు. ఆమె నోట్లో దున్న పక్కటెముక ఉంది కనుక బతికిపోయాడు. లేకపోతే ఆ పూట ఈటెలమ్మ ఏదో ఒకటి అనేదే.

ఎముకలు వచ్చాయి. మరి తినేవాళ్ళు? తన వాకిట్లో చెవి పెట్టి వింటే చప్పుడు బాగా తక్కువగా ఉంది. మళ్ళీ అత్త దగ్గరకు వెళ్ళింది.

“అత్తా, మీ వాకిట్లో మట్టి కొంచెం ఇస్తావా? మా వాకిట్లో మట్టోళ్ళను నా చేత్తో నేనే చంపుకున్నాను. ఇప్పుడు నిన్ను అడగడానికి మొహం చెల్లట్లేదు” అంది.

“బంగారమేమీ అడగలేదుగా” అని దుబ్బమ్మ టేకాకు దొన్నెలోకి నల్లటి మట్టి తీసి, పైన ఇంకో ఆకు కప్పింది. “ఎండ తగలనివ్వకు. దారిలో దాహం వేస్తుందేమో, కాసిని నీళ్ళు చిలకరించు. చుట్టాలను తీసుకెళ్తున్నావు, జాగ్రత్త.”

ఈటెలమ్మ ఆ దొన్నెను బుడమను పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని వాగు దాటింది. మట్టిని పాదుల్లో కలిపింది. ఎముక కొరికి పొడి రాల్చింది. ఎండుటాకులు కప్పింది. రోజూ చెవి పెట్టి వినేది. మొదట ఏమీ తెలియలేదు. తరవాత ఎక్కడో ఒక మూల సన్నటి పాట. వానాకాలం గడిచేసరికి వాకిలంతా అదే పాట.

కొత్త పెండలం ఊరింది. బుడమ అప్పటికి వాగును తనే దాటగలుగుతున్నాడు. ముందుకాళ్ళు నేల మీద గట్టిగా ఆనుతున్నాయి. దుంప వాసనకు ఎగిరి గంతేశాడు.

“ఆగు. ముందు నేను తింటాను” అంది ఈటెలమ్మ.

“అంతా నువ్వే తినేస్తావేమో!”

“తినేస్తాను. నువ్వు నాయనమ్మ ఇంట్లో తిను.”

అలా చాలా రోజులు తను మాత్రమే తింది. గునపయ్య నేనూ తింటానంటే, “ఇద్దరం పడిపోతే వాడిని ఎవరు చూస్తారు?” అంది. కడుపులో నొప్పి వస్తుందేమోనని రోజూ ఎదురుచూసింది. కాళ్ళు చాచి చూసుకుంది. ఏమీ కాలేదు. నేలకు చెవి పెట్టి మట్టోళ్ళను అడిగింది.

“ఎలా ఉంది లోపల?”

“సీసం రాళ్ళయింది. మాకు కడుపు నిండింది. ఇంకో ఎముక ఉందా?”

అప్పుడు బుడమను పిలిచింది. మొదటి దుంపను తన చేత్తో విరిచి వాడి నోట్లో పెట్టింది. వాడు గబగబా నమిలి, “ఇంకోటి!” అన్నాడు. ఆ రోజు తిన్నాడు. మర్నాడు తిన్నాడు. వాడి కాళ్ళు వాడి మాట వింటూనే ఉన్నాయి. కొండవాలు మీద ఎక్కడ పడితే అక్కడ ఆ కాళ్ళ గుర్తులే.

ఒక సాయంత్రం ఈటెలమ్మ కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని జరిగినదంతా చెప్పింది. తన తప్పును దాచలేదు. బుడమ శ్రద్ధగా విని, నేల మీద బోర్లా పడుకుని మట్టికి మూతి ఆనించి అరిచాడు.

“మట్టోళ్ళూ! మీరు నా ప్రాణం నిలబెట్టారు. మీ మేలు ఎప్పటికీ మర్చిపోను!”

లోపల గుసగుసలు నడిచాయి.

“మేలు అంటే? తినేదా?”

బుడమ తల గోక్కున్నాడు. “కాదు.”

“అయితే మాకు తెలియదు బాబూ.”

బుడమ చిన్నబుచ్చుకుని అమ్మ వైపు చూశాడు. “నేను చెప్పింది వాళ్ళకు అర్థం కాలేదమ్మా.”

ఈటెలమ్మకు నవ్వూ కన్నీళ్ళూ ఒకేసారి వచ్చాయి. ఒక ఎముక తీసి కొడుకు ముందు పెట్టింది.

“వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పు” అంది.

వాడు ఎముకను రెండు చేతులా పట్టుకుని కొరకసాగాడు. కరకరా, కరకరా. తెల్లటి పొడి పాదులోకి రాలింది. తల్లీ కొడుకూ నేలకు చెవులు ఆనించారు. మట్టి లోపల, లెక్కలేనన్ని చిన్న చిన్న నోళ్ళు తెరుచుకున్న చప్పుడు వినిపించింది.

నీతి: మనకు మేలు చేసేవాళ్ళు కంటికి కనపడకపోవచ్చు, మేలు చేస్తున్నామని వాళ్ళకే తెలియకపోవచ్చు. వాళ్ళను వెతికి తెలుసుకుని, వాళ్ళ ఆకలి చూడటమే నిజమైన కృతజ్ఞత.